విజయ తైలంతో ముప్పై రాత్రులు

గుణుపురంలో ఉండే మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు గంజాయి తైలం వాడావట కదా, నిద్ర పడుతుందా?" అని. చెప్పడం మొదలుపెట్టాను, సగంలో పొయ్యి మీద పాలు పొంగాయి. మళ్లీ ఫోన్ చేసేసరికి తను ఎక్కడిదాకా విందో తనకే గుర్తు లేదు. అంతకుముందు పర్లాకిమిడి నుంచి ఒకావిడ కూడా ఇదే అడిగింది. ఇలా ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా మొత్తం ఒకసారి రాసేస్తే నయమనిపించింది.

నాకు బైపోలార్ ఉంది. మనసు కొన్నాళ్లు నిద్ర లేని హుషారుతో ఉప్పొంగి (దాన్ని మానియా అంటారు), కొన్నాళ్లు దిగులులో కూరుకుపోయే జబ్బు. 2016 ఆగస్టులో బయటపడింది. అప్పుడు విశాఖలో పంతొమ్మిది రోజులు వార్డులో ఉన్నాను. అప్పటి నుంచి మనసుని నిలకడగా ఉంచే లిథియం 300 మిల్లీగ్రాముల మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి రెండు. పడుకునేముందు అదే జబ్బుకి, నిద్ర కూడా తెచ్చే క్వెటియాపిన్ 100. మాది ఒడిశాలో రాయగడ. ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. మా ఆయనకి జేకేపూర్ పేపర్ మిల్లులో షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, జబ్బు చేస్తే విశాఖ రైలు. ఇక్కడ చాలామందిమి ఇంతే.

ఆఖరి రెండేళ్లు బాగానే గడిచాయి. 2024 డిసెంబరులో నిద్ర చెడింది. పదిన్నరకి పడుకుంటే ఒంటిగంటకి మెలకువ. తర్వాత తెల్లారేదాకా ఫ్యాన్ చప్పుడు వినడమే. డాక్టరుకి చెప్పొచ్చు కదా అంటారు. చెబితే క్వెటియాపిన్ పెంచుతారని నాకు తెలుసు. అది మొదలుపెట్టిన ఏడాదిలో తొమ్మిది కిలోలు పెరిగాను. పొద్దున లేచాక గంటసేపు తల మీద తడి గోనెసంచి వేసినట్టు ఉంటుంది. అందుకే జనవరి చెకప్‌లో "నిద్ర ఎలా ఉంది?" అని అడిగితే "పరవాలేదండి" అనేశాను. ఈ కథంతా ఆ "పరవాలేదు"తోనే మొదలైంది.

అమెరికాలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఒక వీడియో పంపాడు. కాలిఫోర్నియాలో 1996 నుంచే వైద్యానికి గంజాయి వాడుకోవచ్చట. డాక్టరు కాగితం ఇస్తే దుకాణంలో కొనుక్కుంటారట. ఆ వీడియో చూసిన రెండో రోజు నుంచి నా ఫోన్లో అన్నీ అవే ప్రకటనలు. "విజయ తైలం, నిద్రకు, ఆందోళనకు, నొప్పులకు, డాక్టరు సలహాతో" అని.

మాకు గంజాయి కొత్త కాదు. మా నాన్నమ్మ ఇంట్లో త్రినాథ మేళా చేసేది. ఆ వ్రతకథలో పైసా నూనె, పైసా తమలపాకు, పైసా గంజాయి అని వస్తుంది. చిన్నప్పుడు ఆ మూడో పైసా దగ్గరికి రాగానే మేం పిల్లలం నవ్వేవాళ్లం. పెద్దయ్యాక చూసిన గంజాయి వేరు. మల్కనగిరి, కోరాపుట్ కొండల నుంచి బస్తాల్లో దిగడం, పేపర్లో పోలీసులు ఆ బస్తాల వెనక నిలబడి తీయించుకున్న ఫోటో. నాకు నిద్ర పట్టట్లేదని తెలిసి మా వీధిలో ఒక కుర్రాడు, "తైలానికి వేలెందుకు తగలేస్తావక్కా, శీలావతి గంజాయి తెచ్చిస్తాను" అన్నాడు. సాయం చేద్దామనే అన్నాడు పాపం. వద్దన్నాను. వద్దనడానికి కారణం ఆరోగ్యం కాదు, పోలీసుల భయం.

చట్టం సంగతి కోర్టులో గుమాస్తాగా చేసే మా మరిదిని అడిగాను. ఆయన ఏదైనా అరటిపండు ఒలిచినట్టు చెప్తాడు. "1985 ఎన్‌డీపీఎస్, అదే మత్తుమందుల చట్టంలో గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు వదినా. కొసలు లేకుండా ఉత్త ఆకు, ఉత్త గింజ అయితే గంజాయి కింద రావు. ఆకుతో చేసేది భంగు. అది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఎక్సైజు చూసుకుంటుంది. ఆయుర్వేదంలో దాన్నే విజయ అంటారు. ఆకు సారంతో మందు చేసి, ఆయుర్వేద డాక్టరు చీటీ మీద అమ్ముతున్నారు. అమెరికాలోలా కార్డులూ గీర్డులూ మనకి లేవు." అంతా విని చివరికి, "మరి నీ విశాఖ డాక్టర్ని అడిగావా?" అన్నాడు. అడుగుతాలే అన్నాను.

జనవరి 28న ఆన్‌లైన్‌లో 300 రూపాయలు కట్టి పేరు రాయించుకున్నాను. 31న, శుక్రవారం సాయంత్రం 6 గంటలకు వీడియో కాల్ అన్నారు. మా ఆయన బి షిఫ్టులో ఉన్నారు. పిల్లవాడిని ట్యూషన్‌కి పంపేసి, చీర మార్చుకుని, గోడకి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. 6.52కి వచ్చింది కాల్. డాక్టరమ్మ చిన్నపిల్ల, నవ్వుముఖం. హిందీలో మాట్లాడింది. నా హిందీ ఎరువుల లారీవాళ్లతో బేరమాడేటంత హిందీ. నిద్ర ఎన్ని గంటలు, అరుగుదల ఎలా ఉంది, నెలసరి, మలబద్ధకం ఉందా. ఇంకేమైనా జబ్బు ఉందా అంటే పేరు చెప్పాను. నెట్‌వర్క్ ఒకసారి ఆగి మళ్లీ వచ్చింది. కంట్రోల్లోనే ఉందా అంది. ఉందన్నాను. మిగతా మందులకీ దీనికీ రెండు గంటలు తేడా ఉంచమంది. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. చీటీ పావుగంటలో ఫోన్‌కి వచ్చింది, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ ఉన్నాయి. ఎంత సులువు అనుకున్నాను. విశాఖలో అయితే డాక్టరు ముందు కూర్చోవడానికే మూడు గంటలు.

సీసా 2,850. పార్సిల్ ఖర్చు 120. ఆధార్ ఫోటో, చీటీ పెట్టమన్నారు. నాలుగైదు రోజుల్లో వస్తుందన్నది పన్నెండు రోజులు పట్టింది. మా పిన్‌కోడ్‌కి వాళ్ల కొరియర్ లేదని మొదట వెనక్కి తిప్పి, మళ్లీ ఇంకొకరితో పంపారు. ఫిబ్రవరి 12న కొట్టుకి తెచ్చిచ్చాడు కుర్రాడు. పెట్టె మీద అయిదు రెక్కల ఆకు బొమ్మ, ఆకుపచ్చ రంగులో ఇంతలేసి. వాడు ఆ బొమ్మని చూశాడు, నన్ను చూశాడు, నా వెనక గోడకున్న లక్ష్మీదేవిని చూశాడు. "దీదీ, ఎయిటా కోణ?" అన్నాడు. జుట్టు నూనె అన్నాను.

సీసా నా చిటికెన వేలంత ఉంటుంది. మూతకే రబ్బరు బుడ్డి, గాజు గొట్టం. లేబుల్ మీద విజయ పత్ర సారం, నువ్వుల నూనె అని ఉంది. వైద్య పర్యవేక్షణలోనే వాడాలి అన్న హెచ్చరిక హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఆయుర్వేదంలో విష ద్రవ్యాల జాబితా ఒకటుందట, షెడ్యూల్ ఇ(1) అంటారు, విజయ అందులో ఉంది కాబట్టి ఆ మాట వేయాల్సిందేనని తర్వాత మరిది చెప్పాడు. ఆ రోజు మాత్రం నేను చుక్కల లెక్కే చదివాను. రాత్రి రెండు చుక్కలు నాలుక కింద వేసుకుని ఒక నిమిషం మింగకుండా ఉంచాలి. మూడు రోజులకొకటి పెంచుకుంటూ ఎనిమిది దాకా పోవచ్చు.

రుచి చెప్పాలంటే, ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలో నువ్వుల నూనె కలిపినట్టు. చివర్లో చేదు. నోరు పుక్కిలించినా పోదు.

మొదటి మూడు రాత్రులు ఏమీ లేదు. నాలుగో రాత్రి, ఫిబ్రవరి 15న, పదకొండుకి పడుకుని ఆరింటికి లేచాను. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. అబద్ధం ఎందుకు, ఆ పొద్దున ఏడ్చాను. రెండున్నర నెలల తర్వాత కళ్లు మండకుండా తెల్లారడం అంటే ఏమిటో నిద్ర ఉన్నవాళ్లకి చెప్పినా తెలియదు. ఆ వారం రోజులూ టీ రుచిగా ఉంది. కొట్లో కూడిక ఒక్కసారికే కలిసింది. ఈ తైలం వట్టి మోసం అని నేను అనను. ఆ వారం నిజంగానే బాగుంది, దానివల్లే తర్వాతది కనిపెట్టడం ఆలస్యమైంది.

ఫిబ్రవరి 26 శివరాత్రి. జాగారానికి మా ఆడపడుచు ఇంటికి వెళ్లాం. అప్పటికి ఆరు చుక్కల్లో ఉన్నాను. ఎలాగూ జాగారమే కదా, చుక్కలు మానేయాల్సింది. వేసుకునే వెళ్లాను. రాత్రంతా మేలుకున్నా మర్నాడు నాకు అలుపే లేదు. అందరూ తూలుతుంటే నేను వాళ్లింటి గిన్నెలన్నీ తోమి, వాకిలి కడిగి, ముగ్గు పెట్టాను. "వదినకి శివుడు పూనాడు" అని నవ్వారు. నేనూ నవ్వాను. పదహారేళ్ల పిల్లలా ఉన్నాను అనుకున్నాను. పాత బైపోలార్ మనిషిని, ఇది గంట మోగాల్సిన చోటు. మోగలేదు.

మార్చి మొదటి వారానికి నోరు ఎండిపోవడం మొదలైంది. లిథియంతో దాహం ఎలాగూ ఉంటుంది, ఇది దాని మీద ఇంకొకటి. పక్కన సీసాడు నీళ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. రాత్రి తైలం వేసుకున్న గంటకి కిలకిలా నవ్వొచ్చేది, టీవీలో వార్తలకి కూడా. పడుకోవడం పన్నెండుకి, లేవడం మూడుకి. కానీ డిసెంబరులోలా కాదు. అప్పుడు మూడింటికి లేస్తే కుమిలేదాన్ని. ఇప్పుడు లేచి బీరువా సర్దేదాన్ని.

మార్చి 8న బజారులో 6,800 రూపాయల స్టీలు సామాను కొన్నాను. పన్నెండు టిఫిన్ క్యారేజీలు. మేం ఇంట్లో ముగ్గురం.

కొట్లో లెక్కల పుస్తకం ఇప్పుడు తీసి చూస్తే తెలుస్తుంది. మార్చి 10 పేజీలో యూరియా నీలం సిరా, డీఏపీ ఎరుపు సిరా, పొటాష్ ఆకుపచ్చ సిరా. కింద కూడిక చుట్టూ తీగలు, పువ్వులు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, పైసా తేడా లేదు. ఓనరు గారు చూసి "బావుందమ్మా" అని, ఆ సాయంత్రమే మా ఆయనకి ఫోన్ చేశారట. ఆయనకి 2016 సంగతి తెలుసు.

మా ఆయన అప్పటికే చూస్తున్నారు. పాలవాడితో అరగంట మాట్లాడానట. ఏం మాట్లాడానో నాకు గుర్తుంది. వాడికి పాలడెయిరీ పెట్టించే పథకం చెప్పాను, లోనుతో సహా. మార్చి 13 రాత్రి ఆయన నైటు నుంచి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. ఒంటిగంటన్నరకి నేను వంటింట్లో క్యారేజీలు సైజుల వారీగా పేరుస్తున్నాను. గుమ్మం దగ్గర నిలబడి, "ఏటి, మళ్లీ వచ్చేసిందా?" అన్నారు. అరవలేదు. ఆ గొంతు నాకు 2016 నుంచి తెలుసు. అప్పుడు కూర్చున్నాను.

ఆయన 14416కి ఫోన్ చేశారు. టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రి కూడా ఎత్తుతారు. భాష ఎంచుకోమంటుంది. లైన్లో ఉన్నావిడ నిదానంగా అడిగింది. ఎన్ని గంటలు నిద్ర, ఏ మందులు, కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా. ఆయన "లేదండి" అన్నారు. నేను బీరువా తెరిచి, పెళ్లి చీరల కింద నుంచి సీసా తీసి ఆయన చేతిలో పెట్టాను. నెల రోజులుగా ఆయనకి తెలియదు. పెట్టె మీద ఆకు బొమ్మ చూసి ఫోను పక్కకి పెట్టి "నువ్వు..." అని ఆగిపోయారు. ఫోన్లో ఆవిడ, అది ఆపేయమని, లిథియం మాత్రం ఆపొద్దని, మా డాక్టరుతో రేపే మాట్లాడమని, చచ్చిపోవాలనిపించినా, ఎవరివో మాటలు వినిపించినా వెంటనే దగ్గర్లో ఆస్పత్రికి వెళ్లమని చెప్పింది. అలాంటివేమీ లేవు. ముప్పై రాత్రులు వాడాను, ఆ రాత్రితో ఆఖరు.

మర్నాడు హోలీ. ఆ తర్వాత శని, ఆదివారాలు. డాక్టరు గారి క్లినిక్‌లో అసిస్టెంటు ఫోన్లో దొరికాడు. డాక్టరు గారిని అడిగి మళ్లీ చేశాడు: క్వెటియాపిన్ రాత్రికి 200 చేయండి, ఏటీఎం కార్డు, స్కూటీ తాళం మీ ఆయన దగ్గర పెట్టండి, సోమవారం రండి. ఇంకొకటి కూడా చెప్పాడు, లిథియం వాడేవాళ్లు రాసి పెట్టుకోవాలి. రక్తంలో లిథియం చూడాలంటే ఆఖరి మాత్రకీ రక్తం ఇవ్వడానికీ మధ్య పన్నెండు గంటలు ఉండాలి. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి వేసుకుని, సోమవారం పొద్దున మాత్ర వేసుకోకుండా రమ్మన్నాడు. ఇది తెలియక ఒకసారి ఉత్తినే డబ్బులు పోగొట్టుకున్నాను.

మార్చి 17 తెల్లవారి రైలు. సీసా కూడా తెమ్మన్నారు. మా వైపు రైళ్లలో గంజాయి తనిఖీలు మామూలే. రోజూ చూసేవే. కానీ సంచిలో ఆకు బొమ్మ ఉన్న సీసా పెట్టుకుని చూడటం వేరు. మధ్యలో ఒక స్టేషన్లో ఇద్దరు పోలీసులు, ఒక కుక్క ఎక్కారు. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. కుక్క నా సంచి పక్క నుంచి వెళ్లిపోయి, ఎదురుసీటు కింద ఎవరివో ఎండుచేపల మూట దగ్గర ఆగి కదలనంది. బోగీ అంతా నవ్వారు. నేనూ ఊపిరి వదిలాను. అప్పుడే రెండో పోలీసాయన ఎందుకో నా సంచి తెరవమన్నాడు.

సీసా తీసి వెలుతురులో తిప్పి చూశాడు. "ఏటమ్మా ఇది? గంజాయి బొమ్మేసుకుని మందంటారేటి?" మా ఆయన నోరు తెరవలేదు. నేను ఫోన్లో చీటీ చూపించబోతే సిగ్నల్ లేదు. ఇంటి దగ్గర ప్రింటు తీయించిపెట్టింది మరిది. చీటీ, బిల్లు, రెండూ ప్లాస్టిక్ కవర్లో. అవి చదివి, సీసా మీద పేరుతో కలిపి చూసి, మూత తీసి వాసన కూడా చూసి మొహం చిట్లించి ఇచ్చేశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఈలోపు ఎదురుసీటు ముసలమ్మ తన మూట ఒళ్లోకి లాక్కుని నన్ను చూసిన చూపు మాత్రం విశాఖ దాకా వచ్చింది.

ముందు ల్యాబ్‌లో రక్తం ఇచ్చాం. లిథియం, థైరాయిడ్, కిడ్నీలకి క్రియాటినిన్, లివర్, అన్నీ కలిపి 1,680. తర్వాత క్లినిక్‌లో రెండు గంటల నలభై నిమిషాలు. నా పక్కన పార్వతీపురం నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది, కొడుకుతో. ఇరవై మూడేళ్లుంటాయి వాడికి. చెవుల్లో మాటలు వినిపించే జబ్బు. మామూలు మందులు పని చేయక క్లోజపిన్ ఇస్తున్నారట. మొదటి పద్దెనిమిది వారాలు వారం వారం రక్తపరీక్ష. "గంజాయి పీలిస్తే మాటలు నెమ్మదిస్తాయంటాడమ్మా. రెండ్రోజులు నెమ్మదిస్తాయి, మూడో రోజు వీధిలోకి పరిగెడతాడు" అంది. పొగ పీల్చేవాళ్లకి ఆ మందు ఒంట్లో తొందరగా కరిగిపోతుందని, అందుకే డోసు ఎంతున్నా అందట్లేదని డాక్టరు చెప్పారట. ఆ అబ్బాయి ఇవేమీ పట్టనట్టు నా చేతిలో పెట్టె వైపే చూస్తున్నాడు. సంచిలో పెట్టేశాను.

డాక్టరు గారు తిడతారనుకున్నాను. తిట్టలేదు. చీటీ తీసుకుని చదివి, "మీకు బీపీ ఎప్పటి నుంచి?" అన్నారు.

"నాకు బీపీ లేదండి."

చీటీ నా వైపు తిప్పి వేలు పెట్టారు. నిద్రలేమి, ఆందోళన, హైపర్‌టెన్షన్, కంట్రోల్లో ఉంది. బైపోలార్ అన్న మాట ఎక్కడా లేదు. "ఆవిడకి సరిగా వినపడలేదేమో" అన్నారు మా ఆయన, నా తరఫున.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ రోజు కాల్లో నేను బైపోలార్ అన్నాను. నెట్‌వర్క్ ఆగి వచ్చాక ఆమె "బీపీ? కంట్రోల్ మే హై?" అంది. నాకు స్పష్టంగా వినపడింది. "హా జీ" అన్నాను. సరిదిద్దితే ఇవ్వదేమోనని భయం. ఫారంలో మందుల గడిలో లిథియం అని రాశాను, అది చూసి ఉంటే ఆమె అడిగి ఉండేది. అడగలేదు, నేను గుర్తు చేయలేదు. తొమ్మిది నిమిషాల కాల్ మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆ "హా జీ" నాది. డాక్టరు గారి ముందు ఈ మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన విని, "జనవరిలో నిద్ర పరవాలేదన్నారు కదా, అది కూడా ఇలాంటిదేనా?" అన్నారు. తల ఊపాను.

అప్పుడు సీసా తీసుకుని వివరంగా చెప్పారు. ఆకులో ముఖ్యంగా రెండు ఉంటాయి, టీహెచ్‌సీ, సీబీడీ. మత్తెక్కించేది మొదటిది. బైపోలార్ ఉన్నవాళ్లలో మానియాని లేపేదీ, స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే జబ్బు) ఉన్నవాళ్లలో భ్రమల్ని పెంచేదీ ఎక్కువగా అదే. రెండోదాన్ని శుద్ధి చేసి మందుగా 2018లో అమెరికాలో అనుమతించారు, పిల్లల్లో మొదలయ్యే కొన్ని అరుదైన మూర్ఛ జబ్బులకి. మిల్లీగ్రాముల లెక్కన, లివర్ పరీక్షలు చేసుకుంటూ ఇస్తారు. "మీ జబ్బుకి అనుమతి ఉన్న గంజాయి మందు ఏదీ లేదు. ఈ సీసాలో ఆ రెండూ ఎంతెంత ఉన్నాయో రాయనే లేదు చూడండి" అన్నారు. నెల రోజులు రోజూ పట్టుకున్న సీసా, ఆ సంగతి నేను చూడలేదు. చుక్కలు లెక్కపెట్టాను, చుక్కలో ఏముందో అడగలేదు. లెక్కలు రాసే మనిషిని నేను!

రిపోర్టులు సాయంత్రం ఆరింటికి వచ్చాయి. రైలు పోయింది, గోపాలపట్నంలో మా చిన్నాన్న ఇంట్లో పడుకున్నాం. లిథియం అక్టోబరులో 0.7 ఉన్నది 1.0 అయింది. పరిధి దాటలేదు, కానీ పెరిగింది. ఎండాకాలం చెమటలకీ పెరుగుతుంది, నీళ్లు సరిగా తాగకపోయినా పెరుగుతుంది, అందుకని రెండు వారాల్లో మళ్లీ చూద్దామన్నారు. లివర్, థైరాయిడ్ బాగున్నాయి. వార్డు అవసరం లేదన్నారు. ఆ మాట వినగానే మా ఆయన లేచి బయటికి వెళ్లి, అయిదు నిమిషాలకి మొహం కడుక్కుని వచ్చారు.

ఆపాక ఏం జరుగుతుందో ముందే చెప్పారు, అలాగే జరిగింది. వారం రోజులు చిరాకు, రాత్రిళ్లు చెమటలు, రంగురంగుల కలలు. ఒక కలలో నాన్నమ్మ త్రినాథ మేళాకి క్యారేజీల్లో ప్రసాదం సర్దుతోంది. క్వెటియాపిన్ వల్ల పగలంతా మత్తు, నేను భయపడిన ఆ తడి గోనెసంచి మళ్లీ తల మీదకి. కొట్టుకి పది రోజులు సెలవు. ఉగాదికి, మార్చి 30న, పచ్చడి నేనే చేశాను. చింతపండు ఎక్కువైంది. అంతకుమించి మార్చి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, అంతా నిద్రే.

ఏప్రిల్ 2న మళ్లీ విశాఖ. లిథియం 0.8. రాత్రి మందు 150కి తగ్గించారు. బరువు సంగతి ఈసారి నోరు తెరిచి చెప్పాను. మాత్ర వేసుకునే టైము ముందుకి జరిపి, ఎనిమిదిన్నరకే వేసుకోమన్నారు. అంతే, పొద్దున మత్తు సగానికి తగ్గింది. ఇదే మాట జనవరిలో అడిగి ఉంటే సరిపోయేది. నిద్ర డైరీ రాయమన్నారు, పడుకున్న టైము, లేచిన టైము, రెండే గడులు.

లెక్క ఇది. కాల్, సీసా, పార్సిల్ 3,270. మార్చి 17 ప్రయాణం, ఆటోలు, తిండి 1,240. డాక్టరు ఫీజు 700, పరీక్షలు 1,680, మాత్రలు 410. మొత్తం 7,300. స్టీలు సామాను 6,800, అందులో కొట్టువాడు దయతలచి 2,300 సామాను వెనక్కి తీసుకున్నాడు. నాలుగు క్యారేజీలు ఇంకా అటక మీద ఉన్నాయి, ఎవరికైనా పెళ్లయితే చదివిస్తాను. సగం మిగిలిన సీసా వెనక్కి తీసుకోమని కంపెనీకి ఫోన్ చేస్తే, మూత తీసింది తీసుకోరన్నారు. మా ఆయన డాబా మీద పాత ఇసుకలో ఒంపేసి, ఇసుకతో సహా కట్టి చెత్తబండిలో వేశారు.

ప్రతి నెలా 12న ఫోన్‌కి మెసేజి వస్తుంది, "మీ తైలం అయిపోయి ఉంటుంది, ఆర్డర్ చేయండి" అని. రెండు నంబర్లు బ్లాక్ చేశాను, మూడోదాంతో వస్తోంది. మొన్న కాల్ కూడా వచ్చింది. తైలం ఎలా ఉంది మేడమ్ అని హిందీలో ఒకబ్బాయి. నాకు బీపీ లేదు, బైపోలార్ ఉంది, రాసుకో బాబూ అన్నాను. స్పెల్లింగు అడిగాడు. ఒక్కో అక్షరం చెప్పాను.

నిన్న రాత్రి పదిన్నరకి పడుకున్నాను. మూడున్నరకి ఒకసారి మెలకువ వచ్చింది, మళ్లీ పట్టింది. లేచింది 5.50.